ఏజెంటు చేతిలో చిట్టా

గుంటూరులో 'ఏజెంటు' అన్న మాటకు చాలాకాలంగా స్థిరపడిన అర్థం ఒకటుంది. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే వ్యక్తి అని. పల్నాడు నుండీ, దర్శి, మార్కాపురం వైపుల నుండీ వచ్చిన రైతు తన టిక్కీలను ఆ కొట్టు ముందు దింపుతాడు. బేరం, కాటా, లెక్క అన్నీ ఆ ఏజెంటు చేతి మీదుగానే జరుగుతాయి. అతనికి మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు ఉంటుంది. లెక్క తేడా వస్తే రైతు వెళ్ళి నిలదీయటానికి ఒక గుమ్మం ఉంటుంది.

ఇప్పుడు ఆ మాటకు మరొక అర్థం వచ్చి చేరింది. చెప్పిన పనిని మెట్లుగా విడగొట్టుకొని, కావలసిన పనిముట్లను తానే ఎంచుకొని పూర్తిచేసే కృత్రిమ మేధను కూడా ఏజెంటు అంటున్నారు. స్ప్రెడ్‌షీటు తెరిచి గడులు చదవటం, దిద్దటం దానికి అప్పగిస్తున్న పనులలో ఒకటి. ఈ ఏజెంటుకు కొట్టూ లేదు, గుమ్మమూ లేదు. కనుక దాని చేతికిచ్చే పనిముట్టుకు మనం రాసే వివరణ పత్రాన్ని చిట్టా రాసినంత జాగ్రత్తగా రాయాలని నా అభిప్రాయం. ఇది చదువుకొని ఏర్పరచుకొన్న అభిప్రాయం కాదు, తప్పు చేసి నేర్చుకొన్నది.

అటువంటి పనిముట్టు ఒకదానికి వివరణ రాసే పని ఒకసారి నా మీద పడింది. పనిముట్టు చిన్నదే. గడులు చదువుతుంది, గడిలో విలువ రాస్తుంది, కొత్త వరుస చేరుస్తుంది. రాసే పనికి నేనిచ్చిన వివరణ ఒకే వాక్యం: "ఇచ్చిన గడిలో ఇచ్చిన విలువను ఉంచుతుంది." క్లుప్తంగా కుదిరిందని సంతోషించాను కూడా. తెలిసిన కొట్టులో రోజువారీ షీటుకు ఒక నకలు తీసుకొని, రైతుల పేర్లు తొలగించి, "ఖాళీలు పూరించి మొత్తం చూపించు" అని ఏజెంటును అడిగాము. క్షణాలలో పట్టిక నిండింది. కూడికలో ఎక్కడా తప్పు లేదు. పక్కన నిలబడి చూస్తున్న గుమస్తా మాత్రం, "ఏవండీ, చివరి మూడు లాట్లు ఇంకా కాటాకే ఎక్కలేదు. తూకం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అన్నాడు.

పై వరుసల సగటు నుండి వచ్చింది. ఆ గుమస్తా లెక్కలో ఖాళీ అంటే సున్న కాదు, రాయటం మరచిపోవటమూ కాదు. 'ఇంకా తూచలేదు' అని అర్థం. ఆ సంగతి అతని తలలో ఉంది. షీటులో లేదు, నా వివరణలోనూ లేదు. యంత్రం తప్పు చేసిందని అనుకోవటం తేలిక. కానీ ఖాళీని ఏమి చేయాలో నేను చెప్పి ఉండవలసిన వాక్యం చెప్పలేదు. ఆ లోటు మూడు తూకాలుగా మారి పట్టికలోకి ఎక్కింది. అది నకలు కాబట్టి సరిపోయింది. అసలు చిట్టా అయి ఉంటే, తూచని సరుకుకు చీటీ తయారై ఉండేది.

మునుపు వివరణ పత్రాలు మనుషుల కోసం రాసేవాళ్ళం. చాలామంది చదివేవారు కారు. చదివినవారికి అనుమానం వస్తే పక్కవారిని అడిగేవారు. ఇప్పటి పాఠకుడు వేరు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వంటి పద్ధతులలో, పనిముట్టు గురించి ఏజెంటుకు ప్రధానంగా అందేవి దాని పేరు, దాని వివరణ, అది పుచ్చుకొనే విలువల స్వరూపం. లోపలి ప్రోగ్రాము దానికి సాధారణంగా కనబడదు. మనం రాసిన రెండు మూడు వాక్యాలను బట్టే ఏ గడిని ఎప్పుడు దిద్దాలో అది నిర్ణయించుకొంటుంది.

మిర్చి లెక్కలలో మరొక చిక్కున్నది. ఇక్కడ కొన్ని రకాల పేర్లే అంకెలు. లాం ఫారం నుండి వచ్చిన ఎల్‌సీఏ-334ను బజారులో '334' అనే పిలుస్తారు. 341 కూడా అలాగే అంకెతోనే చెలామణి అవుతుంది. గడిలో 'తేజ' అని ఉంటే ఏ యంత్రమూ దానిని కూడబోదు. 334 అని ఉంటే కూడటానికి సిద్ధంగా ఉంటుంది. ఇటువంటిది జన్యుశాస్త్రజ్ఞులకు ఇదివరకే అనుభవమైంది. 'మార్చ్1', 'సెప్ట్2' వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన పరిశోధన పత్రాలలో సుమారు ఐదింట ఒకదానిలో ఇటువంటి తప్పులున్నట్లు 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో ఆ పేర్లనే మార్చుకొన్నారు. 334 పేరు మార్చుకొమ్మని మన రైతుకు ఎవరు చెబుతారు? 'ఈ నిలువు వరుసలోనివి రకాల పేర్లు, కూడవద్దు' అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

దిద్దుబాట్ల విషయంలో మనకు మంచి సంప్రదాయమే ఉంది. దస్తావేజులో పంక్తుల నడుమ చేర్పులు, ఖాళీలు, తుడుపులు, మార్పులు ఉంటే, రాసి ఇచ్చినవారు వాటికి సంతకమో పొడి సంతకమో పెట్టనిదే రిజిస్ట్రేషన్ అధికారి ఆ కాగితాన్ని నిరాకరించవచ్చునని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను చెబుతుంది. ఆ జాబితాలో 'ఖాళీలు' ఉండటం చూసి నాకు సిగ్గేసింది. శతాబ్దం కిందటి చట్టానికి తోచిన జాగ్రత్త నాకు తోచలేదు. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పుకూ చెరపరాని జాడ ఉండాలన్న నిబంధన కూడా 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. కంపెనీగా నమోదు కాని చిన్న కొట్టుకు ఆ నిబంధన వర్తించదు. అక్కడ స్ప్రెడ్‌షీటే చిట్టా.

షీటులో మార్పుల చరిత్ర ఎలాగూ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ గుమస్తా ఖాతాతో ఏజెంటు పనిచేస్తే ఆ చరిత్రలో కనబడేది గుమస్తా పేరే. యంత్రం దిద్దిన దానికి రేపు అతను సంజాయిషీ చెప్పుకోవాలి.

ఏజెంట్లు తెలివిమీరుతున్నాయి, త్వరలో ఇవన్నీ అవే గ్రహిస్తాయి అని మరికొందరంటారు. ఎంత తెలివైనా, ఆవరణలో పడి ఉన్న బస్తా కాటా ఎక్కిందో లేదో షీటును చూసి చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాడు దానికి చెప్పాలి.

నా వివరణను తిరగరాశాను. ఖాళీ గడిని అడగకుండా పూరించరాదు. పేర్లుగా వాడే అంకెలున్న వరుసలు ఇవీ. దిద్దే ముందు పాత విలువ, కొత్త విలువ, కారణం వేరొక షీటులో ఏజెంటు పేరుతోనే రాయాలి. తూకం, ధర, చెల్లింపు వరుసలను మనిషి ఒప్పుకొన్న తరువాతే తాకాలి. వివరణలో రాస్తే ఏజెంటు తప్పక పాటిస్తుందన్న హామీ లేదు గనుక, చెల్లింపు వరుసకు ప్రోగ్రాములో కూడా తాళం వేయించాము. ఒక వాక్యం ఒక పేజీ అయింది. ఆ పేజీని తెలుగులో కూడా రాసి గుమస్తా చేతికిచ్చాను. తన చిట్టాను ముట్టుకొనే చేతికి ఏయే ఆంక్షలున్నాయో తెలుసుకొనే హక్కు అతనికుంది. చదివి, నాకు తట్టనిదొకటి అతనే చేర్పించాడు: తాలు కాయల తూకాన్ని మేలు రకంతో కలపరాదని.

డాక్యుమెంటేషన్‌కు 'వివరణ పత్రం' అని వాడాను. అంతకన్నా మంచి మాట మీకు తోస్తే చెప్పండి.