మానేసినవాడి పొట్ట

సీతమ్మధారలో మా పక్కింటి వదినగారి భర్త తాగుడు మానేసి నెలన్నర. కడుపుబ్బరం, పుల్లతేన్పులు, ఓ రోజు విరేచనాలు, ఓ రోజు అసలే లేదు. ఇక చుట్టాలు తయారు! "అలవాటుపడ్డ పొట్ట కదమ్మా, రాత్రిపూట ఓ పెగ్గు పడితే అదే అరుగుతుంది." పైగా వదినగారి వంటలో కారం ఎక్కువట. కారం తగ్గించమనండి, కాదనను. కానీ ఇన్నేళ్ళూ సీసా చేసిన పుండుకి నేరం పోపులపెట్టెదా?

మద్యం జీర్ణాశయం లోపలి పొరను వాచేలా చేస్తుంది, బి1 విటమిన్ను ఒంటబట్టనివ్వదు. అది సర్దుకోడానికి వారాలు, ఒక్కొక్కరికి నెలలు పడుతుంది. అందాకా చోడి అంబలి, పల్చటి మజ్జిగ, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తిండి. డాక్టరు చెప్పని నొప్పి బిళ్ళలు వద్దు. నెత్తుటి వాంతో, తారులాంటి నల్లటి విరేచనమో అయితే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా కేజీహెచ్‌కి ఆటో ఎక్కించాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అంతమంది పోరాడితే రెండేళ్ళు దక్కింది. ఒక్క ఇంట్లో నెలన్నర దక్కినదాన్ని ఊడగొట్టడానికి చుట్టాల పెగ్గు సలహా చాలదూ?

నిన్న మళ్ళీ ఆ మాటే ఎత్తిన పెద్దాయన్ని వదినగారు కాఫీ అయినా ఇవ్వకుండా పంపేసింది. మర్యాద కాదంటారా? నేనైతే గ్లాసుడు మజ్జిగిచ్చి పంపేదాన్ని. అరుగుదల ఆయనకే తక్కువలా ఉంది.