ఆ ఆలస్యం మనదే

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు. నలభై దాటిన తెలుగువాళ్లలో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు దాదాపు ఉండరు. వీధికుక్కల జోలికి పోకుండా పిల్లల్ని భయపెట్టడానికి పెద్దలకు ఆ ఒక్క మాట చాలేది. ఆ సీసాలో మందు ఎలా తయారైందో మాత్రం ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఆరోగ్యంగా ఉన్న గొర్రెను తెచ్చేవారు. దాని మెదడులోకి రేబిస్ వైరస్ ఎక్కించేవారు. జబ్బు ముదిరి కాళ్లు పడిపోయాక చంపి, మెదడు తీసి, మెత్తగా నూరి, ఫినాల్‌తో వైరస్‌ను నిర్వీర్యం చేసేవారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన పద్ధతి ఇది. ఆ టీకా లెక్కలేనంతమందిని బతికించింది, ఆ మాట కాదనను. కానీ అందులో ఉన్న గొర్రె నరాల కణజాలం కొందరిలో ఎదురు తిరిగేది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే దాడిచేసి పక్షవాతం వచ్చేది. కుక్కకాటు నుంచి బయటపడి టీకాతో మంచాన పడ్డవాళ్లున్నారు.

1980ల నాటికే గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద రేబిస్ టీకా తయారుచేయడం వచ్చింది. గొర్రె మెదడు టీకా మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనం మానేసింది 2004 చివర్లో. రెండు దశాబ్దాలు! ఈ మధ్యలో డబ్బున్నవాళ్లు ప్రైవేటు క్లినిక్‌లో కొత్త టీకా భుజానికి వేయించుకున్నారు. లేనివాళ్లు సర్కారు దవాఖానాలో పొట్ట చూపించారు. కొత్త టీకా ఖరీదు ఎక్కువన్నది నిజమే. అదే టీకాను చర్మం పొరలోకి తక్కువ మోతాదులో ఇస్తే ఖర్చు బాగా తగ్గుతుందన్నదీ నిజమే. థాయిలాండ్ ఎప్పుడో ఆ దారి పట్టింది. మన దగ్గర ఆ పద్ధతికి అనుమతి వచ్చింది 2006లో.

జంతు ప్రయోగాల ప్రస్తావన రాగానే మనం వేసే ప్రశ్న ఒకటుంది: మీ పిల్లవాడి ప్రాణం ముఖ్యమా, ఎలుక ప్రాణం ముఖ్యమా? ఆ ప్రశ్నతో ఎదుటివాడి నోరు మూతపడుతుంది. రేబిస్ టీకా కథలో ఆ ప్రశ్నకు చోటే లేదు. గొర్రెకు ఏది మేలో కూలివాడి బిడ్డకూ అదే మేలు. ఇద్దరినీ వేధించింది మన బద్ధకం. జీవశాస్త్రం చదివినవాళ్లం, చెప్పినవాళ్లం, మందులు తయారుచేసినవాళ్లం, పత్రికల్లో రాసినవాళ్లం, ఊరికే మందు వేసుకుని ఇంటికెళ్లినవాళ్లం, అందరం ఇందులో దోషులమే. వేరే దారి లేనప్పుడు జంతువును వాడినందుకు నేను ఎవరినీ నిలదీయను. దారి కళ్లెదుట కనపడ్డాక కూడా వాడుతూ పోయినందుకు మనల్ని మనం నిలదీసుకోవాలి.

ప్రయోగశాలలో జంతువుకు మనం పడ్డ రుణం చిన్నది కాదు. బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్రను తెలుగువాళ్లందరూ ఎరుగుదురు. మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధనల్లో అది బయటపడింది. ఫైలేరియా సోకిన కాటన్ ర్యాట్ అనే జాతి ఎలుకల మీద దాన్ని పరీక్షించారు. సుబ్బారావు పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. ఆ ఎలుకల సంగతి ఏ పాఠంలోనూ లేదు. పోలియో టీకా తయారీకి, పరీక్షలకు రీసస్ కోతుల మూత్రపిండాలు కావాల్సి వచ్చాయి. ఆ కోతులు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లాయి. 1950ల చివర్లో ఏటా లక్షకు పైగా కోతుల్ని పట్టి, బోనుల్లో కుక్కి, విమానాలెక్కించాం. మంగళవారం ఆంజనేయుడి గుడికెళ్లే దేశం ఈ వ్యాపారం గురించి ఏళ్ల తరబడి పెద్దగా నోరెత్తలేదు. ఆ కోతుల్ని అమెరికా సైన్యం రేడియేషన్ ప్రయోగాలకు వాడుతోందని బయటపడ్డాక 1978లో ఎగుమతి ఆపేశాం. మొన్నటి కోవిడ్‌లో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌ను 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు. ఆ టీకా నేనూ వేయించుకున్నాను. దానికి నాకు సిగ్గు లేదు, రుణం ఉంది. రుణపడ్డవాడికి, ఇక మీద అనవసరంగా ఒక్క ప్రాణీ పోకుండా చూడాల్సిన బాధ్యత ఉంటుంది. మనం ఆ బాధ్యతనే ఎగ్గొట్టాం.

ఎలా ఎగ్గొట్టామో చూడాలంటే ఏ బీఫార్మసీ కాలేజీ ల్యాబ్‌కైనా ఓ పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. కాలువగట్ల మీద, వరి మళ్లలో పట్టిన కప్పలు తడిగోతంలో వచ్చేవి. కప్పను ఎడమచేత్తో పట్టుకుని, తల వంచి, పుర్రెకూ వెన్నుకూ మధ్య పల్లంలో సూది గుచ్చి మెదడు వైపు తిప్పాలి. దీన్ని పితింగ్ అంటారు. చెయ్యి తిరగని విద్యార్థి రెండుసార్లు, మూడుసార్లు గుచ్చేవాడు. కప్ప కాళ్లు సాగి బిగుసుకునేవి. పొట్ట కండరంలోంచి ఓ పీలిక కోసి, రింగర్ ద్రావణంలో వేలాడదీసి, అసిటైల్ కోలిన్ చుక్కలు వేస్తే కండరం ముడుచుకుంటుంది. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే ఆ సంకోచం తెల్లటి గీతగా పడుతుంది. మోతాదు పెంచినకొద్దీ గీత పెరుగుతుంది. అది మొదలే తెలుసు, పుస్తకంలో బొమ్మ ఉంది. చాలా బల్లల మీద ప్రయోగం సరిగ్గా రాదు. రాని వాళ్లు ఏం చేసేవారు? సీనియర్ రికార్డు తెచ్చుకుని గ్రాఫ్ ఎక్కించుకునేవారు. కింద లెక్చరర్ సంతకం పడేది. కప్పా చచ్చింది, విద్యార్థి నేర్చుకున్నదీ లేదు. ఆ రికార్డుల మీద సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇదంతా చట్టం లేని రోజుల్లో జరిగింది కాదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. శాస్త్రవేత్తలు కాదు, రుక్మిణీదేవి అరండేల్ అనే నాట్యకళాకారిణి రాజ్యసభలో పట్టుబట్టి కదిలించిన చట్టమది. దాని 17వ సెక్షన్ చదివితే తల దించుకోవాలనిపిస్తుంది. పుస్తకాలు, నమూనాలు, ఫిలిములతో పని జరిగేచోట వైద్య కళాశాలల్లోనూ ఇతర కాలేజీల్లోనూ జంతు ప్రయోగం మానమంది. కేవలం చేతి నైపుణ్యం కోసం ప్రయోగాలు వీలైనంతవరకు చేయవద్దంది. అంటే మేం ల్యాబుల్లో రోజూ చేయించినదాన్ని ఆ చట్టం ముందే చూసి, వద్దని రాసింది. డిగ్రీ, పీజీ జువాలజీ తరగతుల్లో కోతలు పూర్తిగా ఆపమని యూజీసీ చెప్పింది 2014లో. చట్టానికీ ఆ ఉత్తర్వుకూ మధ్య 54 ఏళ్లు. ఈలోగా పుదుచ్చేరి జిప్‌మర్‌లో ఎక్స్‌ఫార్మ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం తయారైంది. కప్పను ముట్టుకోకుండా అదే గీత తెర మీద ఎన్నిసార్లయినా గీయించొచ్చు. అది అందుబాటులోకి వచ్చాక కూడా ఎన్నో కాలేజీల్లో పాత పద్ధతే నడిచింది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవారు జంతుశాల ఉందా అని చూసేవారు కాబట్టి జంతుశాల ఉంచాం. ఉంచాం కాబట్టి వాడాం.

సౌందర్య సాధనాల సంగతి ఎక్కువ చెప్పను. కుందేలును మెడ దగ్గర బిగించి, ఒక కన్ను కింది రెప్పలో పదార్థం వేసి, రెండో కంటితో పోల్చి చూసే డ్రెయిజ్ పరీక్ష 1944 నాటిది. ఇప్పుడు కబేళాలో చచ్చిన పశువుల కళ్లతో, మనిషి కణాలతో పెంచిన కృత్రిమ కార్నియాతో ఆ పని జరుగుతోంది. మన దేశం 2014లో సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలు నిషేధించింది, అలా పరీక్షించిన సరుకు దిగుమతినీ ఆపింది. మంచి పని. లిప్‌స్టిక్ విషయంలో చూపిన తెగువ మందుల విషయంలో చూపలేకపోయాం.

మందుల విషయం కష్టమైనదని ఒప్పుకుంటాను. జంతు పరీక్షల నిబంధనలు ఊరికే రాలేదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ సిరప్‌లో కలిపిన ద్రావకం విషమై వందమందికి పైగా పోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మరుసటి ఏడు అక్కడ చట్టం వచ్చింది. ఆ తర్వాత, గర్భిణులు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు వచ్చింది. ఆ భయం న్యాయమైనదే. కానీ ఎలుక, కుక్క, కోతి తట్టుకున్నంత మాత్రాన మనిషి తట్టుకుంటాడన్న నమ్మకం న్యాయమైనది కాదు. 1993లో హెపటైటిస్-బికి ఫియాలురిడిన్ అనే మందు 15 మందికి ఇస్తే ఐదుగురు కాలేయం దెబ్బతిని చనిపోయారు. జంతువుల్లో ఆ ప్రమాదం జాడే లేదు. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును కోతులకు సురక్షితమనుకున్న మోతాదులో 500వ వంతు ఇచ్చారు. ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లు గంటల్లో ఐసీయూలో పడ్డారు. జంతు పరీక్షలు దాటి మనుషుల దాకా వచ్చిన మందుల్లో పదింట తొమ్మిది చివరికి నిలబడవన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన మాట. తెలిసీ పాత పద్ధతికే జై కొట్టాం. అనుమతి ఇచ్చే అధికారి జంతు పరీక్షే అడుగుతాడని కంపెనీ అంది. కంపెనీలు వేరేది తేవడం లేదని అధికారి అన్నాడు. ప్రాజెక్టుకు నిధులు రావని మాలాంటివాళ్లం అన్నాం.

రేబిస్ టీకా దగ్గరికి మళ్లీ ఒక్కసారి వెళ్లాలి. గొర్రె పోయింది, చిట్టెలుక మిగిలింది. టీకా పనిచేస్తుందో లేదో తేల్చే పాత పరీక్షలో ఎలుకలకు వారం తేడాతో రెండు డోసులిస్తారు. పద్నాలుగో రోజున మెదడులోకి బతికున్న వైరస్ ఎక్కిస్తారు. ఏవి చస్తాయో, ఏవి బతుకుతాయో రెండు వారాలు లెక్కపెడతారు. టీకా ఇవ్వకుండా పోలిక కోసం ఉంచిన ఎలుకలకు రేబిస్ తప్పదు. ఇంత చేసినా ఫలితం ల్యాబు ల్యాబుకూ మారుతుంది. టీకాలో రక్షణనిచ్చే ప్రొటీన్ ఎంతుందో నేరుగా కొలిచే ఎలీసా పరీక్ష ఉంది. జంతువును వదిలి ఇలాంటి పరీక్షలకు మారడంలో మన దేశం అసలు కదల్లేదని అనను. భారత ఫార్మకోపియా 2018 సంచికలో కుందేళ్లకు జ్వరం వస్తుందా అని చూసే పరీక్ష స్థానంలో ల్యాబు పరీక్షలకు చోటిచ్చారు. 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలు సవరించి, మనిషి కణాలతో చేసే పరీక్షలకు, ఆర్గాన్-ఆన్-చిప్‌లకు వీలు కల్పించారు. పెన్‌డ్రైవ్ అంత పారదర్శకమైన ముక్కలో సన్నటి కాలువలు, వాటిలో మనిషి ఊపిరితిత్తి కణాలు, ఒకవైపు గాలి, మరోవైపు రక్తం లాంటి ద్రవం. అలాంటి చిప్ మీద మందు ఎలా పనిచేస్తుందో చూడొచ్చు. కాలేయానికీ, పేగుకూ ఇలాంటివే ఉన్నాయి. గర్భం, మెదడు, ఒళ్లంతా పనిచేసే రోగనిరోధక శక్తి... వీటిని పూర్తిగా చూపించే చిప్ ఇంకా లేదు. అందుకే రేపటి నుంచి జంతుశాలలన్నీ మూసేయమని నేను అడగడం లేదు.

నేను అడిగేది హైదరాబాద్ గురించి. దేశానికి టీకాలు, మందులు పంపే నగరమిది. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో దశాబ్దాలుగా ప్రయోగ ఎలుకల్ని పెంచి సరఫరా చేస్తోంది. స్థూలకాయపు ఎలుకల జాతుల్ని కూడా అక్కడే వృద్ధి చేశారు. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ పెద్ద జంతు వనరుల కేంద్రం పెట్టింది. సీసీఎంబీలో మనిషి కణాల నమూనాల మీద పనిచేసే శాస్త్రవేత్తలూ ఉన్నారు. అన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. రెండు వైపులవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టి, ఫలానా పరీక్ష ఫలానా ఏడాదికి మానేద్దామని గడువు పెట్టించే ఒత్తిడి మాత్రం తెలుగు సమాజం నుంచి రాలేదు. పత్రికల సైన్స్ పేజీలో టీకా విజయం రాశాం. దాని వెనకున్న పరీక్షల గురించి ఒక వాక్యం రాయలేదు.

అందరికన్నా ఎక్కువ తప్పు ఎథిక్స్ కమిటీల్లో కూర్చున్న మాలాంటివాళ్లది. జంతు ప్రయోగం చేసే ప్రతి సంస్థలో అలాంటి కమిటీ ఉండాలి. అందులో శాస్త్రవేత్త కాని సభ్యుడొకరు, జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీ బయటి నుంచి పంపే నామినీ ఒకరు తప్పనిసరి. నింపే ఫారంలో జంతువు ఎందుకు అవసరమో రాయాలి. ఆ గడిలో ఏం రాస్తారో నాకు తెలుసు. ‘ప్రత్యామ్నాయం లేదు’ అని, కిందటి ఫారం నుంచి దించిన వాక్యం. ఏం వెతికారు, ఎక్కడ వెతికారు అని మేం అడగలేదు. పదిహేను దరఖాస్తులు మధ్యాహ్న భోజనానికి ముందే అయిపోయేవి. మేం బేరమాడింది ఎలుకల సంఖ్య మీద మాత్రమే. 60 అడిగితే 48 చేసి, దయ చూపామనుకుని లేచేవాళ్లం.

ఈ కమిటీల్లో ఇప్పుడు సామాజిక సభ్యులుగా కూర్చుంటున్న టీచర్లకూ, లాయర్లకూ, రిటైరైన ఉద్యోగులకూ నా విన్నపం ఒకటే. మీకు ఫార్మకాలజీ తెలియక్కర్లేదు. జంతువు లేకుండా ఈ పని చేయడానికి మీరు ఏం ప్రయత్నించారు, అది ఎందుకు కుదరలేదు అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. రాయలేకపోతే సంతకం పెట్టకండి.