తోటలో మొలిచిన పుట్టగొడుగు: ఫోటో చూసి "తినొచ్చు" అని ఎందుకు చెప్పమంటే...

వానలు మొదలైతే చాలు, "మా మిద్దెతోటలో ఇవి వచ్చాయి, తినొచ్చా?" అంటూ ఫోటోలు వస్తుంటాయి. జవాబు ముందే చెప్పేస్తున్నా: తినకండి. ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా, యాప్ ఏ పేరు చూపించినా సరే. పై వీడియోలో గుర్తుపట్టే పద్ధతి చూపించాం కానీ, అది తెలుసుకోడానికి, వండుకోడానికి కాదు.

అలాగని మందు కొట్టి చంపాల్సిన పనీ లేదు. పుట్టగొడుగు చెట్టుకి కాయ లాంటిది. అసలు శిలీంధ్రం తెల్లటి దారాలుగా మట్టిలో, ఎండుటాకుల్లో అల్లుకుని ఉంటుంది. కట్టెపుల్లల్ని, కొబ్బరి పీచుని కుళ్లబెట్టి నేలలో కలిపేది ముఖ్యంగా అదే. జీవామృతం పోసి, ఆచ్ఛాదన వేసి మనం కోరుకునేదీ అదే కదా! చిన్నపిల్లలో కుక్కలో తిరిగే చోటైతే మాత్రం పీకి, లోతుగా పాతిపెట్టేయండి.

"మా అమ్మమ్మ చూడగానే చెప్పేసేది" అంటుంటారు. నిజమే, ఆవిడకి తెలుసు. కానీ ఏం తెలుసు? తొలకరి తర్వాత ఫలానా చెదపుట్ట దగ్గర, ఏటా అదే చోట వచ్చే పుట్టకొక్కులు తెలుసు. తవ్వితే కాడ వేరులాగా సన్నబడుతూ చెదల గూటి దాకా దిగి ఉంటుందని తెలుసు. అంటే ఆవిడ ఒక్క గొడుగునే కాదు, చోటుని, కాలాన్ని, వేరుని కలిపి గుర్తుపట్టేది. మన కుండీలో మట్టి ఒక నర్సరీది, పేడ ఇంకో ఊరిది, కొబ్బరిపొట్టు మరెక్కడిదో. వాటితోపాటు ఏ శిలీంధ్రం వచ్చిందో ఏ అమ్మమ్మ చెప్పగలదు?

ఒక ఉదాహరణ చూడండి. వానాకాలంలో పచ్చికలో, పెరట్లో పెద్ద తెల్ల గొడుగులు వస్తాయి. పైన గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరంలాంటి పొర. దీని పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకలు తెల్లగానే ఉంటాయి, చూడగానే కూర గుర్తొస్తుంది. తింటే మాత్రం కొద్ది గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు. దీన్ని పట్టించేది బీజాల రంగు. బాగా విచ్చుకున్న గొడుగుని కాడ దాకా కోసి, రేకలు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి కాగితం మీద ఆకుపచ్చ పొడి అచ్చు పడుతుంది. పైనుంచి తీసిన ఫోటోలో ఇదెక్కడ కనపడుతుంది? ఇంకో మాట, ఆకుపచ్చ కాకుండా వేరే రంగు పడితే మంచిదని అర్థం కాదు సుమా. ప్రాణం తీసే అమనిటా బీజాలు తెల్లగానే ఉంటాయి.

అసలు భయం వాటితోనే. డెత్ క్యాప్ అనే అమనిటాలోనూ, చిన్నచిన్న లెపియోటా జాతులు కొన్నింటిలోనూ అమాటాక్సిన్లు అనే విషాలుంటాయి. ఉడికించినా పోవు, ఎండబెట్టినా పోవు. తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి ఒక రోజు తేరుకున్నట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడైపోతూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాల వాళ్లు.

వెండి చెంచా నల్లబడకపోతే మంచిదట, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదట, పురుగు తింటే మనమూ తినొచ్చట. ఇవేవీ నమ్మకండి. నత్తలు తిని బతికే అమనిటా మనిషిని చంపుతుంది. ఇలాంటివి వీడియోల్లో చెప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. వ్యూస్ వాళ్లకి, ప్రమాదం చూసేవాళ్లకి.

పుట్టగొడుగు కూర ఇష్టమైతే నమ్మకమైన చోట ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం తెచ్చి, ఉడికించిన వరిగడ్డిలో పెంచుకోండి. నెల తిరిగేసరికి చేతికొస్తుంది.

ఎవరైనా ఇప్పటికే తోటలోది తినేసి ఉంటే, వాంతులు వచ్చేదాకా ఆగొద్దు. మజ్జిగ, చింతపండు నీళ్లు అంటూ ఇంట్లో వైద్యం చేయొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఎప్పుడు తిన్నారో టైము రాసుకోండి. మిగిలిన కూరని, అదే చోట ఇంకా ఉన్న పుట్టగొడుగుని మొదలుతో సహా తవ్వి, కాగితంలో చుట్టి డాక్టరుగారికి చూపించండి.