పూతలో ఉన్న మామిడికి జీవామృతం వద్దు

మాది కార్వేటినగరం, తోతాపురి తోట. రెండేళ్ల క్రితం పూత మొదలవగానే చెట్టుకి బలం కావాలని జీవామృతం పోసి, తడి కూడా ఇచ్చాను. పూత రావాల్సిన కొమ్మలు సగం చిగురేశాయి, దాని మీదికి తేనెమంచు పురుగు. నత్రజని, నీళ్లు ఎక్కువైతే చెట్టు ఆకు వైపు పోతుందని డిప్లొమాలో చదివిందే. తోటలోకి దిగాక మర్చిపోయాను!

నన్నడిగితే, పూతకి తిండి అంటే కోతయ్యాక వానల్లో వేసిన పశువుల ఎరువు, ఘనజీవామృతమే. జనవరిలో పోసేది పూతకి అందదు. బూడిద తెగులుకి పుల్లమజ్జిగ మొగ్గ దశలోనే కొట్టేయండి. పూలు విచ్చాక కషాయాలు కూడా వద్దన్నా, ఈగలు, తేనెటీగలు వాలకపోతే పిందె ఎక్కడిది? పిందె బఠాణీ గింజంత అయ్యాక తడి మొదలుపెట్టి, సప్తధాన్యాంకుర కషాయం ఇవ్వండి. చిగురేసిన కొమ్మ, పూసిన కొమ్మ రెండూ వీడియోలో ఉన్నాయి, చూడండి.