రైలు దిగినంక ఆటో

జగిత్యాల కొత్త బస్టాండులో నిలబడి రైల్వే స్టేషన్ ఎటని అడిగితే ఎవరూ చెయ్యెత్తి చూపించరు. ‘లింగంపేట పోవాలె, ఆటో మాట్లాడుకో’ అంటారు. స్టేషన్ పేరులోనూ ముందు లింగంపేటే, ఆ తర్వాతే జగిత్యాల.

ఆ స్టేషన్ ఉన్న పెద్దపల్లి–నిజామాబాద్ లైను పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1993లో మంజూరైంది. దాదాపు 178 కిలోమీటర్లు. పట్టాలు కరీంనగర్ దాటి జగిత్యాల చేరేసరికి 2007 వచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్‌ను అందుకున్నది 2017లో. మంజూరైన ఏడు పుట్టిన పిల్ల అప్పటికి డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటోంది.

ఇన్నేళ్లు ఎదురుచూసిన దారిలో ఇవాళ ప్రయాణికుల బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. కోరుట్ల నుంచి జగిత్యాలకు చదువుకో, దవాఖానకో రోజూ వచ్చేవాళ్లు బస్సే ఎక్కుతారు. రైలు టికెట్ చవకే. ఆ మిగిలిన డబ్బు స్టేషన్ బయట ఆటోకే పోతుంది. బండి తప్పిపోతే సగం రోజు కూడా పోతుంది. జనం రైలెక్కరు కాబట్టి బండ్లు పెంచలేమనే మాట ఒకటుంటుంది. బండ్లే లేనిచోట జనం ఎట్లా ఎక్కుతారో ఆ మాట అనేవాళ్లే చెప్పాలి.

జనం రోజూ ఎక్కే రైలు ఎట్లుంటుందో పట్నంలో, అంటే హైదరాబాద్‌లో చూడొచ్చు. అక్కడి లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. దాని దారిలో బోరబండ, భరత్‌నగర్, జేమ్స్ స్ట్రీట్ లాంటి చిన్న స్టేషన్లున్నాయి. హంగేమీ లేదు: ప్లాట్‌ఫాంలు, టికెట్ కిటికీ, మెట్ల వంతెన. అయినా బస్తీలోంచి నడిచొచ్చి ఎక్కొచ్చు, దిగి నడిచి ఇంటికి పోవచ్చు. ఆ బండ్లూ ఆలస్యమవుతాయి, రద్దవుతాయి, తిట్లు తింటాయి. రోజూ వాడుకునే వాటినే జనం తిడతారు. లింగంపేట స్టేషన్‌ను తిట్టేవాళ్లు కూడా తక్కువే.

అట్లని పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు జనం లేరనడం మాత్రం చెల్లదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు బొంబాయి దారి కొత్త కాదు. కరీంనగర్–ముంబై వారపు ఎక్స్‌ప్రెస్ ఈ పట్టాల మీదే నడుస్తుంది. వారానికోసారి వచ్చే బండి కోసం వీసా ఆగదు, విమానం ఆగదు. అందుకే బొంబాయి బస్సులకు గిరాకీ తగ్గలేదు.

ఇక రైలు ఇంకా రావలసిన సిరిసిల్ల. ఆ ఊరి మీదుగా పోయే మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ గజ్వేల్ దగ్గర కోమటిబండలో శంకుస్థాపన చేశారు. పొడవు 151 కిలోమీటర్లు. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలొచ్చింది. సిరిసిల్ల, వేములవాడ ఆ తర్వాతి వంతు. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. నూలు రావాలి, బట్ట పోవాలి. భివండీ, సూరత్‌లలో స్థిరపడ్డ కుటుంబాలు పండక్కి ఇంటికి రావాలి. ఇక్కడ స్టేషన్‌కు పని కల్పించనక్కర్లేదు, పని ముందే ఉంది.

సిరిసిల్ల నాయకులు, వర్తక సంఘాలు రిబ్బను కత్తిరించే తేదీ కోసం కాక ఇప్పుడే రెండు సంగతుల కోసం పట్టుబట్టాలి: స్టేషన్ నుంచి బస్టాండుకు ప్రతి బండికీ అందే ఆర్టీసీ బస్సు, పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేలా పట్నానికి ఒక బండి. జగిత్యాల, కోరుట్లలకు కూడా ఇవే అడగండి. అక్కడ పట్టాలు ఎప్పుడో పడ్డాయి. కావలసినవి బండ్లు, బస్సులే.