గణితంలో మన అమ్మాయిల వేసవి నవంబరులోనే తేలిపోతోంది

మహబూబాబాద్ జిల్లా గార్ల ప్రాంతంలో వేసవి అంటే తీరిక లేని కాలం. మిరప కల్లాల పని ఒక కొలిక్కి వచ్చేసరికి అడవి అంచు తండాల్లో తునికాకు సేకరణ మొదలవుతుంది. పెళ్ళి ముహూర్తాలూ అప్పుడే. డిగ్రీ చదివే ఆడపిల్ల హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చిందంటే తల్లికి చేదోడు దొరికినట్టే. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలోని పేరున్న గణిత సంస్థలు డిగ్రీ, పీజీ విద్యార్థులను పిలిచి, ఉండడానికి చోటిచ్చి, భోజనం పెట్టి పాఠం చెబుతాయి. గార్ల, బయ్యారం, డోర్నకల్ మండలాల నుంచి బీఎస్సీ గణితం చదువుతున్న అమ్మాయి అక్కడికి చేరాలంటే ఏమేం కుదరాలో ఒక్కొక్కటిగా చూస్తే అడ్డంకి ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆడపిల్లలు సైన్సు వైపు రావడం లేదన్న మాట ఇప్పుడు చెల్లదు. కేంద్ర విద్యాశాఖ 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా సైన్సు కోర్సుల్లో ఉన్న 57 లక్షల మందిలో దాదాపు 30 లక్షల మంది అమ్మాయిలే. తరగతి గది వరకూ వాళ్ళు వచ్చేశారు. అక్కడి నుంచి పరిశోధన దాకా దారి చూపే వాళ్ళు కావాలి.

పరీక్షకు అవతల

గణితంలో డిగ్రీ పిల్లలు పరిశోధన ఏం చేస్తారని చాలామంది తల్లిదండ్రులకే కాదు, కొందరు అధ్యాపకులకూ సందేహం. బీఎస్సీ బీజగణితంలో లాగ్రాంజ్ సిద్ధాంతం ఉంటుంది. పరిమిత సమూహంలోని ఏ ఉపసమూహం తీసుకున్నా, దాని మూలకాల సంఖ్య మొత్తం సమూహపు మూలకాల సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుందని దాని సారం. సెమిస్టర్ పరీక్షలో దీన్ని నిరూపించమంటారు, పిల్లలు నేర్చుకున్న నిరూపణ రాసి మార్కులు తెచ్చుకుంటారు. మంచి వేసవి శిబిరంలో ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. భాగించే ప్రతి సంఖ్యకూ ఒక ఉపసమూహం ఉండి తీరాలా? పిల్లలు ఉదాహరణలు వెతుకుతారు, చాలాచోట్ల ఉన్నట్టే కనిపిస్తుంది. చివరికి నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహం దగ్గర ఆగిపోతారు. అందులో 12 మూలకాలున్నా 6 మూలకాల ఉపసమూహం లేదు. ఎందుకు లేదో తానే కనుక్కుని, బల్ల ముందు నిలబడి పదిమందికి వివరించిన అమ్మాయికి గణితం మీద హక్కు ఏర్పడుతుంది. ఈ పనికి ప్రయోగశాల అక్కర్లేదు. పరీక్ష భయం లేని కొన్ని వారాలు, ప్రశ్నను ప్రశ్నతోనే ఎదుర్కొనే గురువు, సాటి విద్యార్థులు ఉంటే చాలు. సెమిస్టర్ల పరుగులో ఆ వారాలు దొరికేది వేసవిలోనే.

అవకాశాలు ఉన్నాయి

1993లో ఆచార్య ఎస్. కుమరేశన్ ప్రారంభించిన గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ కార్యక్రమం ఇలాంటిదే. ఎంటీటీఎస్‌గా పేరుపడ్డ ఈ నాలుగు వారాల శిబిరానికి జాతీయ ఉన్నత గణిత మండలి అండగా నిలిచింది. కుమరేశన్ తర్వాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడిగా పనిచేశారు. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌లో విద్యార్థి రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు, భృతి కూడా ఉంటుంది. చెన్నైలోని గణిత సంస్థలు, ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కూడా వేసవిలో విద్యార్థులను తీసుకుంటాయి. ఇంటర్ బోర్డులో అగ్రశ్రేణి ఒక శాతంలో నిలిచి బీఎస్సీలో చేరిన వారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేల రూపాయలు. అందులో 20 వేలు వేసవి ప్రాజెక్టు కోసమే కేటాయించారు.

మహిళల కోసమే నడిచే ప్రయత్నాలూ ఉన్నాయి. 2009లో మొదలైన ఇండియన్ విమెన్ అండ్ మ్యాథమెటిక్స్ దేశమంతటా కార్యశాలలు నిర్వహిస్తోంది. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. దానికి ముందు రెండు రోజులు ప్రపంచ మహిళా గణితవేత్తలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సమావేశమయ్యారు. ఆ మహాసభలో ప్రధాన ప్రసంగం చేసిన వారిలో తమిళనాట పుట్టిన రామన్ పరిమళ ఒకరు. 2021 రామానుజన్ బహుమతి కోల్‌కతా భారత గణాంక సంస్థలో పనిచేసే నీనా గుప్తాకు దక్కింది. ఫీల్డ్స్ పతకం పొందిన తొలి మహిళ మరియం మీర్జాఖానీ పుట్టినరోజు మే 12ను ఇప్పుడు గణితంలో మహిళల దినంగా జరుపుకుంటున్నారు. అది మన కళాశాలలకు తాళాలు పడే కాలం.

అమెరికాలో 1990లలో అమ్మాయిలకు ప్రత్యేకంగా వేసవి శిబిరాలు పెట్టారు. ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థ 1994లో మొదలుపెట్టింది. కార్ల్‌టన్ కళాశాల 1995 నుంచి 2014 దాకా డిగ్రీ తొలి రెండేళ్ళ అమ్మాయిల కోసం ప్రత్యేక శిబిరం నడిపింది. తరగతిలో ఒక్కతే అయినప్పుడు నోరు విప్పని అమ్మాయి, తనలాంటి వాళ్ళ మధ్య ధైర్యంగా తప్పు చేసి దిద్దుకోగలదు. వేసవి ముగిశాక కూడా ఆ స్నేహాలు, గురువుల పరిచయాలు పీహెచ్‌డీ దాకా తోడుంటాయి. మనకు అవసరమైన తోడు కూడా అదే.

తెగుతున్నది ఎక్కడ

వేసవి కార్యక్రమాల దరఖాస్తులు చాలావరకు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య ముగుస్తాయి. సెలవులిచ్చాక వెతికితే దొరికేవి అరుదు. దరఖాస్తుకు అధ్యాపకుల సిఫారసు లేఖ కావాలి. ఎందుకు చేరాలనుకుంటున్నావో, ఏం చదవాలనుకుంటున్నావో ఇంగ్లిషులో రాయాలి. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన అమ్మాయికి ఆ ఒక్క పేజీ కొండంత. ఇలాంటి కార్యక్రమం ఉందని చెప్పే మనిషే కళాశాలలో లేకపోతే ఆ పేజీ దాకా కూడా రాదు.

తర్వాతి గండం పరీక్షలది. సెమిస్టర్ పరీక్షలు వేసవి మధ్యలోకి జరిగితే ఎంపికైన విద్యార్థి కూడా వెళ్ళలేదు. ఆపైన ఇంటి అనుమతి. గార్ల స్టేషన్‌లో రైలెక్కి వరంగల్ వెళ్ళిరావడం ఇంట్లో వాళ్ళకు అలవాటే. ఒంటరిగా చెన్నైకో ముంబైకో నెల రోజులు పంపమంటే ఏ తండ్రైనా ఆలోచిస్తాడు. ఆయన అడిగేది న్యాయమైన ప్రశ్నే: ఎక్కడ ఉంటుంది, ఎవరు చూసుకుంటారు, ఖర్చు ఎవరిది? కళాశాల తరఫున ఒకరు ఇంటికి వెళ్ళి జవాబు చెబితే చాలా ఇళ్ళల్లో అనుమతి దొరుకుతుంది. తిరుగు ఛార్జీ తర్వాత ఇస్తామన్నా ముందుగా టికెట్ కొనే డబ్బు కూలికి వెళ్ళే ఇంట్లో ఉండదు. పైగా ఆ నెల ఆమె ఇంటికి తెచ్చే ఆదాయమూ పోతుంది.

చేయాల్సింది

ఇందులో ఏదీ కోట్లతో పని కాదు. గార్ల ప్రాంతం కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోది. ప్రతి డిగ్రీ కళాశాల గణిత విభాగంలో ఒక అధ్యాపకురాలికి ఈ బాధ్యత అప్పగించి, అక్టోబరులోనే ద్వితీయ సంవత్సరం పిల్లలతో కూర్చుని దరఖాస్తులు రాయించాలి. ఆ పని ఆమె పని గంటల్లో లెక్కకు రావాలి. ఎంపికైన వారి పరీక్ష తేదీలు అడ్డొస్తే ప్రత్యేకంగా పరీక్ష పెట్టే వెసులుబాటు విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఉండాలి. గిరిజన, సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలలు ప్రయాణ ఖర్చు ముందుగా ఇచ్చి, ఇద్దరు ముగ్గురిని కలిపి పంపాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, వేసవి బడిని ఇంటి దగ్గరికి తేవడం. 1959 నాటి నిట్ వరంగల్‌లో గణిత విభాగం ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. వేసవిలో ఖాళీగా ఉండే హాస్టళ్ళు ఉన్నాయి. ఈ రెండు విద్యాసంస్థలూ కలిసి మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల అమ్మాయిల కోసం ఏటా నాలుగు వారాల గణిత శిబిరం నడపవచ్చు. పోయే కూలికి బదులుగా కొంత భృతి ఇవ్వాలి. మొదటి వేసవి ఇక్కడ గడిపిన అమ్మాయి రెండో వేసవికి చెన్నై దరఖాస్తు తనే రాసుకుంటుంది.

లక్షల మంది ఆడపిల్లలను సైన్సు తరగతుల్లోకి తెచ్చిన సమాజం వాళ్ళను డిగ్రీ పట్టా దగ్గర ఆపేస్తే ఆ శ్రమంతా సగంలో వదిలేసినట్టే. వచ్చే వేసవికి ఎవరిని పంపాలో ఈ నవంబరులోనే ప్రతి కళాశాల పేర్లు రాసుకోవాలి. ఆ జాబితా అడిగి తీసుకోవాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానిది, ఉన్నత విద్యామండలిది.