ధైర్యము పెట్టెలో దొరకునా?

మన బడిపిల్లలకు ఆత్మవిశ్వాసము లేదనియు, దానిని కలిగించుటకు వర్చువల్ రియాలిటీ యంత్రములను ప్రతి బడికిని కొనవలయుననియు కొందఱు విద్యాభిమానులు వాదించుచున్నారు. కండ్లకు పెట్టెవంటి హెడ్‌సెట్ తగిలించుకొన్న పిల్లకు నిండుసభ యెదుట నిలిచినట్లు తోచును. తప్పు పలికినను నవ్వువారుండరు. పదిమార్లు పలికినచో భయము తీఱునట! ఈ వాదములో సగము సత్యమని మేమొప్పుకొందుము.

1995లో అమెరికాలో రోత్‌బామ్ అను విదుషియు ఆమె సహచరులును, ఎత్తయిన చోట్లకు భయపడు కళాశాల విద్యార్థులకు ఇట్టి యంత్రములోనే ఎత్తులను చూపి, వారి భయమును తగ్గించిరి. తరువాత లండనులో మెల్ స్లేటర్ మొదలగువారు సభాకంపమును పరీక్షించిరి. ఎదుటనున్నది బొమ్మల సభయేయని యెఱిగినవారు సైతము, ఆ బొమ్మలు విముఖత చూపినప్పుడు కలవరపడిరి. కావున యంత్రము వట్టి ఆటవస్తువు కాదు. కృష్ణ కావలియొడ్డుననున్న అమరావతి శిల్పములు పెక్కులు చెన్నపట్టణమునను లండనునను ఉన్నవి. వానిని చందర్లపాటి పిల్లలకు కన్నులయెదుట నిలుపుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు. అయితే అది చూపు సంగతి. మేము చెప్పుచున్నది నోటి సంగతి.

మన పిల్లలకు ధైర్యము లేదని యెవరు చెప్పిరి? మిరపకాయలు కల్లమునకు చేరు కాలమున మా మెట్టసీమకు వచ్చి చూడుడు. తండ్రి ప్రక్కన నిలిచి, “కాటా ఇంకా ఊగుతానే ఉంటే బస్తా దింపుతావేందయ్యా?” అని వ్యాపారిని నిలదీయు పిల్ల కానవచ్చును. సోమవారమున ఆ పిల్లయే తరగతిలో, జవాబు తెలిసియుండియు, తల వంచుకొని నిలుచును. ఈ రెండుదినములలో ఆమె నోటినెవరు కట్టిరి? ఆమె “ఈడ, ఆడ” యన్నప్పుడు నవ్విన ఉపాధ్యాయుడు కట్టెను. జవాబు వినకమునుపే “ఏ పేట పిల్లవు?” అని యడిగిన పెద్దమనిషి కట్టెను. ఆడపిల్లకంత నోరేలయని గద్దించిన బంధువులు ముడి బిగించిరి.

రోత్‌బామ్ చూపిన ఎత్తు ఎవ్వరిని క్రిందికి త్రోయలేదు. కనుకనే ఆ భయము నిష్కారణమని తెలిసి తగ్గినది. మన తరగతి పిల్లను నిజముగా త్రోయుచున్నది! కారణముగల భయమును వ్యాధియని పేరుపెట్టి పిల్లకు చికిత్స చేయుట, కొట్టినవానిని విడిచి దెబ్బ తిన్నవానిని దండించుట వంటిది.

మఱియొక సంగతి. ఆ బొమ్మల సభ ఏ భాషలో వినును? అది ఇంగ్లీషు సభయే యైనచో, ధైర్యమనునది ఇంగ్లీషులోనే యుండునని పిల్ల గ్రహించును. సవర పిల్లలకు సవరభాషలోనే వాచకములు వ్రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన దేశమిది. (దీనిని గ్రాంథికమున వ్రాయుచున్నందుకు చదువరులు మమ్ము నవ్విన నవ్వుదురు గాక.)

యంత్రముల ఆయువు సంగతియు చూడవలెను. 2022 డిసెంబరులో ఈ రాష్ట్రమున ఎనిమిదవ తరగతి పిల్లలకు బైజూస్ పాఠములతో ట్యాబులు పంచిరి. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణకు లోనయ్యెను. గూగుల్ వారు బడులకై నడపిన ఎక్స్‌పెడిషన్స్ 2021లో మూతపడెను. మెటా కంపెనీ తన హెడ్‌సెట్టు పదేండ్లలోపు పిల్లలకు తగదని తానే నియమము పెట్టుకొన్నది. నోరు మూతపడుటయో, ఒకటవ తరగతిలోనే ప్రారంభమగుచున్నది!

అట్లని యంత్రమును కృష్ణలో పాఱవేయుమని మేమనము. ఉన్నతపాఠశాలకొకటి రెండు చాలును. సిగ్గరి పిల్లలు తమ మాటతోనే, తెలుగు వినెడి సభ యెదుట, అందులో అభ్యసింతురు గాక. కాని తరగతిలో తోటిపిల్లను నవ్వుట తప్పని ముందు ఉపాధ్యాయులు నేర్చి పిల్లలకు నేర్పవలెను. పదిమార్లు పెట్టెలో పలికిన పిల్ల పదునొకండవమారు గ్రామసభలో లేచి, తన బడి నీళ్లగూర్చియో మరుగుదొడ్లగూర్చియో అడుగవలెను. ఆనాడు ముందు వరుసలో సర్పంచిగారును, ప్రధానోపాధ్యాయులును, ఆ పిల్ల తల్లియు కూర్చుండవలెను. అడిగినదానికి అక్కడనే జవాబు చెప్పవలెను.